దేవమ్మ చుట్టకుదురు

నలభై ఏళ్లుగా తల వంచుకొని బతికిన మనిషికి, తల వంచుకొని ఉండమని చెప్పడం పెద్ద శిక్షేమీ కాదని డాక్టర్ మాధురి అనుకుంది.

"మీరు స్వర్ణకారులు కదండీ. మీకిది అలవాటైన పనే," అంది.

బ్రహ్మచారి గొంతు వచ్చినవైపు తల తిప్పాడు. అతని కుడికంటికి కట్టు ఉంది. ఎడమకంటికి ఆమె ఒక తెల్లటి మరకలా, ఆ మరకలోంచి వస్తున్న మంచి గొంతులా ఉంది. ఎడమకన్ను చిన్నప్పుడే, తండ్రి కుంపటిలోంచి ఎగిరిన నిప్పురవ్వ తగిలి పోయింది. అప్పటినుంచి దానికి వెలుగూ నీడా తప్ప ఇంకేమీ తెలియదు. పని నేర్చుకున్నదీ, పెళ్లిచూపుల్లో దేవమ్మను చూసిందీ, కూతురు కల్పలత పుట్టినప్పుడు దాని గోళ్లు చూసి ఆశ్చర్యపోయిందీ అన్నీ కుడికన్నే. ఇప్పుడు ఆ కంట్లోనే వెనకపొర చిరిగి, తడిసిన గోడకాగితంలా ఊడి వచ్చింది.

"చిరిగిన చోట లేజర్‌తో అతికించాను. లోపల గ్యాస్ నింపాను," అంది డాక్టర్ మాధురి. "గ్యాస్ ఎప్పుడూ పైకే పోతుంది కదండీ. మీరు బోర్లా ఉంటే కంటి వెనకభాగం పైకి వస్తుంది. ఆ బుడగ వెళ్లి పొరను గోడకేసి నొక్కి పట్టుకుంటుంది. అతుకు గట్టిపడేదాకా అంతే. తింటున్నా, నడుస్తున్నా, పడుకున్నా ముఖం నేలవైపే ఉండాలి. బరువులెత్తొద్దు, ఊదొద్దు, శరీరానికి కుదుపు వద్దు."

"మరి నేనేం జెయ్యాలె డాక్టరమ్మా?"

"ఏమీ చెయ్యకూడదండి. అదే మీరు చెయ్యాల్సింది."

"చూపొస్తదా?"

ఆమె కేసుకాగితం మూసింది. "నా వంతు నేను చేశాను. మిగతాది ఆ బుడగ చూసుకోవాలి, పైవాడు చూసుకోవాలి. మధ్యలో మీరు మాత్రం అడ్డు రాకండి," అని నవ్వింది. నవ్వులో అబద్ధం లేదు. హామీ కూడా లేదు.

రెజిమెంటల్ బజార్‌లో అతని ఇల్లు రెండు గదులు. ముందుగదిలో కుంపటి, దాగలి అనే ఇనుపదిమ్మె, సుత్తెలు, పట్టకార్లు. వెనకగదిలో సంసారం. ఇంట్లో ఏ మూల నిలబడినా సికింద్రాబాద్ స్టేషన్ మైకు వినిపిస్తుంది. ఏ బండి ఏ ప్లాట్‌ఫారమ్ మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో పొద్దంతా చెబుతూనే ఉంటుంది. ఇన్నేళ్లలో బ్రహ్మచారి ఆ మైకు మాట ఒక్కటి కూడా విని ఎరుగడు. ఇప్పుడు మంచం మీద బోర్లా పడుకుంటే ప్రతి మాటా వినిపించింది. ఊరంతా ఎక్కడికో పోతోంది.

తల వంచడం అతనికి అలవాటే. వంచిన తల కింద ఏమీ లేకపోవడం అలవాటు లేదు. పని ముందు తల వంచినప్పుడు లోకం ఒక వడ్లగింజంత అవుతుంది, ఆ గింజలో భయానికి చోటుండదు. తల్లి ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో అతను మెడకు పెట్టుకునే నాను ఒకటి చేశాడు. కల్పలత కాన్పునాడు గాజుల జత. మనిషికి కష్టమొస్తే చేతుల్ని ఆడనివ్వాలి, చేతులు ఆగితే మనసు లేచి తిరుగుతుంది అన్నది అతనికి ఎవరూ చెప్పలేదు, అతనే కనిపెట్టుకున్నాడు. దాన్ని భక్తి అనే అనుకున్నాడు.

మొదటి రోజు దిండ్లతో గడిచింది. ముఖం ఆనించడానికి నడుమ రంధ్రమున్న రబ్బరు దిండొకటి, యాప్రాల్‌లో కాపురముంటున్న కల్పలత ఫోన్‌లో ఆర్డర్ పెట్టి పంపించింది. అది ఊపిరాడనివ్వలేదు. సాయంత్రానికి అతని చెంపలు కందిపోయాయి. మెడ లాగేసింది. అతను గురగురమంటుంటే దేవమ్మ లేచి, ట్రంకుపెట్టె తెరిచి, అడుగునుంచి ఒక గుడ్డచుట్ట తీసింది. పాత నూలుచీరను తాడులా పేని, గుండ్రంగా చుట్టి, పసుపుదారంతో బిగించిన చుట్టకుదురు అది. ఏటా ఆషాఢంలో సికింద్రాబాద్ లష్కర్ బోనాలకు ఆమె నెత్తిన పెట్టుకొని, దానిమీద బోనం ఎత్తుకునేది.

మంచం తలాపున స్టూలు వేసి, దానిమీద చుట్టకుదురు పెట్టింది. నుదురూ చెంపలూ దానిమీద ఆనాయి. రెండు కళ్లూ నడుమ ఖాళీలో తేలాయి. ముక్కుకు గాలి తగిలింది.

"ఇది అమ్మవారి సుట్టబట్ట గదనే. నా మొఖం పెట్టొచ్చునా?" అన్నాడు అతను నేలతో.

"అమ్మదే. మరి కన్ను ఎవలిది?" అంది దేవమ్మ. అని, పొయ్యి మీద అన్నం చూసుకోవడానికి వెళ్లిపోయింది.

*

మర్నాడు ఓంప్రకాశ్ వచ్చాడు. పక్కనే ఇత్తడిసామాన్ల దుకాణం అతనిది. ముప్పై ఏళ్ల స్నేహం, ముప్పై ఏళ్ల వెక్కిరింపు. గడపలో నిలబడి పరిస్థితి చూశాడు. తరవాత చెప్పులు విడిచి, తన పెద్ద పొట్టతో సహా షాబాదు బండల మీద వెల్లకిలా పడుకొని, స్టూలు కిందికి తల జరిపాడు. ఇద్దరి ముఖాలూ ఎదురెదురుగా వచ్చాయి.

"అరె చారీ! సాష్టాంగం నువ్వు పెడ్తున్నవో, నేను నీకు పెడ్తున్ననో సమజైతలేదు యార్."

"లేవురా. ఎవరన్న చూస్తే నవ్వుతరు."

"నవ్వనియ్. పెండ్లాం ముందట తల దించనోడు, ఇయాల స్టూలుకు తల దించిండు. బజారంతా ఇదే ముచ్చట."

దేవమ్మ చాయ్ తెచ్చి ఒకటి నేలమీద పెట్టింది, రెండోదాన్లో గొట్టం వేసి భర్త నోటికి అందించింది. ఓంప్రకాశ్ పడుకునే చాయ్ తాగబోయి మెడమీద ఒలకబోసుకున్నాడు. బ్రహ్మచారికి నవ్వొచ్చింది. నవ్వితే కుదుపు. నవ్వును పంటికింద నొక్కిపట్టాడు.

"ఆషాఢం దగ్గరికొచ్చింది," అన్నాడు ఓంప్రకాశ్ మెడ తుడుచుకుంటూ. "వెండి కండ్లకు గిరాకీ షురూ అయ్యింది. నీ తలుపు కొట్టి కొట్టి నా దుకాణానికి వస్తున్నరు. చారికి తబియత్ బాగలేదని చెప్తున్న. కండ్లు జేసెటోనికే కండ్లు..."

అంతవరకు వచ్చి ఆగిపోయాడు. నేలమీద పడుకున్న ఆ పెద్దమనిషి ముఖం ఎర్రబడింది. అయితే అది బ్రహ్మచారికి కనిపించలేదు. ఆగిన మాట మాత్రం వినిపించింది.

లష్కర్‌లో కళ్లకు జబ్బు చేసినవాళ్లు అమ్మవారికి వెండికళ్లు చెల్లిస్తామని మొక్కుకుంటారు. పల్చటి రేకు మీద ఉబ్బెత్తుగా కొట్టిన జత కళ్లు. అలాంటివి ఎన్ని వందల జతలు తన చేతిమీదుగా వెళ్లాయో బ్రహ్మచారికి లెక్కలేదు. ఎవరి పిల్లవాడికి మెల్ల, ఎవరి తల్లికి శుక్లాలు, అన్నీ వింటూ కొట్టి ఇచ్చేవాడు. ఒక్కటి కూడా వంకర పోనిచ్చేవాడు కాదు. కనుగుడ్డు కాస్త పక్కకు జరిగినా కరిగించి మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆ శ్రద్ధ అమ్మవారికి తెలిసే ఉంటుందని లోపల ఎక్కడో ఒక నమ్మకం. ఎవరితోనూ అనని నమ్మకం.

ఇప్పుడా నమ్మకం తలకిందులై వచ్చి ఎదురుగా కూర్చుంది. తెలిసే ఉంటే, ఇదేంది మరి?

*

భయం అతనితో వాదించలేదు. పని చెప్పింది, అంతే. లేచి చూడు అంది. ఒక్కసారి, గోడమీది అమ్మవారి క్యాలెండరు కనిపిస్తోందో లేదో చూడు, మళ్లీ పడుకుందువుగానీ.

కట్టు విప్పేశారు కాబట్టి చూడటం సులువే. దేవమ్మ వంటలో ఉన్నప్పుడు అతను తల ఎత్తేవాడు. అరచేత్తో ఎడమకన్ను మూసి, కుడికంటితో గోడవైపు చూసేవాడు. గోడ లేదు. క్యాలెండరు లేదు. బియ్యం కడిగిన నీళ్లలో ముంచిన లోకమొకటి మెల్లగా ఊగుతూ ఉండేది. గబుక్కున తల దించేసేవాడు. ఈసారి చూడకూడదు అనుకునేవాడు. మైకు ఇంకో బండి పేరు చెప్పేసరికి మళ్లీ తల లేచేది.

కంసాలి పిల్లవాడికి మొదట నేర్పేది ఆగడమే. టంకం కరిగి అతుకులోకి పాకిన తరవాత దాన్ని ముట్టుకోకూడదు. అతికిందో లేదోనని కదిపితే అతకదు. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్లను ఈ ఒక్క తప్పుకే అతను కసిరేవాడు. ఇప్పుడు తన కంట్లో అతుకును గంటకోసారి తనే కదుపుతున్నాడని అతనికి తెలుసు. తెలియడం వేరు, తల ఆగడం వేరు.

ప్రార్థన కూడా అలాగే జరిగింది. అమ్మా అనేవాడు, వెంటనే ఇంకోసారి అమ్మా అనేవాడు. జవాబు కోసం ఆగేవాడు కాదు. అమ్మ ఉందా లేదా అన్న సందేహం అతనికి ఎన్నడూ రాలేదు. తను కాపలా కాయకపోతే అమ్మ ఒక్కతే పని చక్కబెట్టగలదా అన్నదే, తనకే తెలియని అతని అనుమానం.

దేవమ్మ ముందే మొక్కుకుంది. "కన్ను మంచిగైతే జత కండ్లిస్తనని అన్న," అని చెప్పింది.

"ఎవరు చేస్తరు?"

"బజార్ల ఒక్కనివేనా కంసాలివి? ఎవలో ఒకలు చేస్తరు."

ఆ మాట అతని ఛాతీలో ముల్లులా దిగింది. తన కంటికోసం ఇచ్చే వెండికళ్లు ఇంకొకరు కొడతారా? కనుగుడ్డు పక్కకు జరిగినా చూసీ చూడనట్టు చుట్టి ఇచ్చేస్తారు. అది తీసుకొని అమ్మ ఏమనుకుంటుంది? ఈ ఆలోచన రాగానే అతనికి వింతగా ప్రాణం లేచొచ్చింది. చేయడానికి ఒక పని దొరికింది. భయం మొదటిసారి వెనక్కి జరిగినట్టనిపించింది. నిజానికి అది వెనక్కి జరగలేదు. వెళ్లి పనిబల్ల దగ్గర కూర్చుంది.

ఆ మధ్యాహ్నం వాన పడి తెరిపిచ్చింది. దేవమ్మ సంచి తీసుకొని మోండా మార్కెట్‌కు బయల్దేరింది. "కదలకు. బీరకాయ దొరికితే తెస్త," అంటూ తలుపు దగ్గరికి లాగి వెళ్లింది.

ఆమె చెప్పుల చప్పుడు గల్లీ మలుపు తిరిగేదాకా బ్రహ్మచారి ఆగాడు. తరవాత మంచం దిగి, తల దించుకునే, గోడ పట్టుకొని ముందుగదిలోకి నడిచాడు. నేలను చూస్తూ పనిచేసేవాడినే కదా, తల ఎలాగూ వంచే ఉంటుంది, డాక్టరమ్మ చెప్పినదాన్లో తప్పేముంది? కుంపటి వెలిగించను, ఊదను, ఉత్త రేకుపనే. ఇలా ఒక్కొక్క మెట్టూ సర్దిచెప్పుకుంటూ పీటమీద కూర్చున్నాడు. మనసు ఒకసారి నిర్ణయించుకున్నాక దానికి న్యాయవాదులు ఎప్పుడూ తక్కువ కారు.

చేతులకు చూపు అక్కర్లేదు. సొరుగులో వెండిరేకు దొరికింది. కత్తెర దొరికింది. రెండు కళ్ల ఆకారం వేళ్లతోనే కత్తిరించాడు. దాన్ని దాగలి మీద పరిచి, ఉలి పెట్టి, కనుగుడ్డు ఎక్కడ రావాలో బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. సుత్తె ఎత్తాడు.

దెబ్బ ఉలి మీద పడలేదు. బొటనవేలి మీద పడింది.

నొప్పి భుజందాకా పాకింది. తల దానంతటదే పైకి లేచింది. సుత్తె జారి బండమీద పడి మోగింది. ఆ మోత ఆగిన తరవాత ఇల్లంతా నిశ్శబ్దం. కుడికంట్లో బియ్యపునీళ్లు భయంకరంగా ఊగాయి.

నలభై ఏళ్లలో వేలిమీద సుత్తె పడటం ఇదే మొదలు. అతను చెయ్యి ఒడిలో పెట్టుకొని, ఏడవకూడదు, ఏడుపూ కుదుపే అని తనకు తను చెప్పుకుంటూ కూర్చున్నాడు. వేళ్లతో రేకును తడిమాడు. కత్తిరింపులోనే ఎడమకన్ను పెద్దదిగా, కుడికన్ను చిన్నదిగా, రెండూ చెరోవైపు చూస్తున్నట్టుగా వచ్చాయి. ఇది అమ్మకోసం చేసింది కాదు. ఈ సంగతి ఎవరో పక్కన నిలబడి చెప్పినంత స్పష్టంగా తెలిసింది. అమ్మను తను ఇన్నాళ్లూ కొనడానికొచ్చే పెద్ద గిరాకీగా చూశాడు. సరుకు వేళకు అందకపోతే, పనితనం తగ్గితే, ఇంకో దుకాణానికి పోతుందేమోనని.

దేవమ్మ గొడుగు మరిచిపోయి సగం దారిలోంచే తిరిగొచ్చింది. తలుపు తోసి, పీటమీది మనిషినీ, నేలమీది సుత్తెనూ, నల్లబడుతున్న వేలినీ చూసింది. సంచి చేతిలోంచి జారింది.

"ఏం జేస్తున్నవయా?"

అతను వేలిని పిడికిట్లో దాచుకున్నాడు.

"నిన్నే. నోట్ల సుత పట్టకారు పెట్టుకున్నవా? ఏం జేస్తున్నవ్?"

"మొక్కు," అన్నాడు చివరికి. "అమ్మకు కండ్లు."

దేవమ్మ రేకును వంగి చేతిలోకి తీసుకుంది. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఆమె గొంతు పైకి లేస్తుందనుకున్నాడు. లేవలేదు. వణికింది.

"అమ్మకు కండ్లు లెవ్వా?" అంది. "నువ్వు జేసి పెడ్తేనే నిన్ను చూస్తదా ఆమె? ఇన్నేండ్లు గుడ్డిదానికా నేను బోనమెత్తింది?"

బ్రహ్మచారి తల ఇంకా కిందికి దిగింది. ఆ వంగడం డాక్టరు చెప్పిన వంగడం కాదు.

ఆమె అతని రెక్క పట్టి లేపింది. మంచం మీద పడుకోబెట్టి, చుట్టకుదురు సరిచేసి, అతని ముఖాన్ని రెండు చేతులతో దానిమీద దించింది. వేలికి పసుపు మెత్తింది. తరవాత స్టూలు పక్కనే చతికిలబడింది. కాసేపటికి ఆమె మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు అది కోపమో, ఇంకేదో చెప్పడం కష్టం.

"బోనమెత్తుకున్నప్పుడు నేను పట్టుకుంటననుకున్నవా? కొత్తల పట్టుకునేదాన్ని. రెండు చేతులు మీదికి పెట్టి గట్టిగ పట్టుకునేది. దీపం ఉన్నదో ఆరిందో అని మీదికి చూసేది. చూస్తే బోనం ఒరుగుతది. ఒరిగితే గుండె జల్లుమంటది, ఇంకింత గట్టిగ పట్టుకుంట. మా అత్త ఎన్కనుంచి అన్నది, ఒసేయ్, నీ నెత్తి సుట్టబట్టకియ్, సుట్టబట్ట బోనానికిస్తది, నువ్వు ఉత్తగ నడువు అని. దీపం నాకెప్పుడన్న కనబడ్తదా? కనబడదు. ఎన్కాల వచ్చెటోళ్లను అడుగుత, దీపం ఉన్నదా అని. ఉన్నదంటే ఉన్నట్టే. నువ్వు ఎన్నడన్న ఎన్కాల వచ్చినవా? గిరాకీ గిరాకీ అని కుంపటి ముందటనే ఉంటివి."

"ఇప్పుడేమైతది దేవమ్మా? అతుకు కదిలిందేమో."

"నాకేమెరుక? కదిలిందో లేదో నువ్వు చూస్తే మల్ల కదులుతది. పండుకో."

ఆమె గొడుగు తీసుకొని మళ్లీ మార్కెట్‌కు వెళ్లింది. తలుపు గడియ బయటినుంచి పెట్టలేదు. అది అతను గమనించాడు.

*

మంచం మీద అతనూ, కింద షాబాదు బండా మిగిలారు.

ముందు నుదురు వదిలేశాడు. అది ఎంత బిగుసుకొని ఉందో వదిలాకే తెలిసింది. ఇన్ని రోజులుగా ముఖాన్ని చుట్టకుదురు మీద పెట్టాడుగానీ దానికి ఇవ్వలేదు. బరువంతా లోపల మెడతో పట్టుకునే ఉన్నాడు. ఇప్పుడు చెంపలు బరువెక్కి గుడ్డలోకి దిగాయి. పాత నూలువాసన, దానికింద ఎప్పటిదో పసుపు, వేపాకు వాసన. ఇన్ని ఆషాఢాలు బోనం మోసిన గుడ్డ. అతని తల దానికొక లెక్కా?

అమ్మా, చూసుకో అన్నాడు.

రెండోసారి అనలేదు. రెండోసారి అంటే మొదటిసారి వినలేదని అనుమానించినట్టు.

భయం పోలేదు. దుకాణం మూసి ఉన్నా అరుగు దిగని గిరాకీలా అక్కడే కూర్చుంది. లేచి చూడు అంది. వేలి నొప్పి సాకుగా చూపించింది. కల్పలతకు ఫోన్ చెయ్యమంది, దేవుడికి ఇంకో మొక్కు మొక్కమంది. అతను దాన్ని పొమ్మనలేదు, కూర్చోమనలేదు. తలుపు తియ్యలేదు, అంతే. స్టేషన్ మైకు ఏదో బండి ఆలస్యంగా వస్తోందని చెప్పి, ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామంది. ఆ బండికోసం ఎందరో సామాన్ల మీద కూర్చొని ఉంటారు. వాళ్లెవరూ పట్టాలమీదికి దిగి బండిని లాక్కురావడం లేదు. ఆ ఊహకు అతనికి నవ్వు కూడా వచ్చింది, కుదుపులేని చిన్న నవ్వు.

మంచం అంచునుంచి వేలాడుతున్న కుడిచేతి వేళ్లు అతని ప్రమేయం లేకుండా విచ్చుకున్నాయి. నలభై ఏళ్లుగా ఆ వేళ్లు నిద్రలో కూడా పట్టకారు పట్టిన ఆకారంలోనే ఉండేవి. ఇప్పుడు ఒక్కొక్కటే తెరుచుకుంటుంటే, ఇంతకాలం దేన్ని జారిపోకుండా పట్టుకున్నానా అని అతను ఆశ్చర్యపోయాడు. అరచేతికి వానకు తడిసిన గాలి తగిలింది. అందులో ఏమీ లేదు. ఏమీ లేని చెయ్యి అంత తేలిగ్గా ఉంటుందని అతనికి తెలియదు.

అప్పుడు నిద్ర పట్టింది. పగటిపూట, పని ఉండగా, భయం గడపలో ఉండగా పట్టిన నిద్ర. పసితనం దాటాక అతనెరుగని నిద్ర. దేవమ్మ తిరిగొచ్చి, బీరకాయలు చెక్కుతూ చాలాసేపు ఆ తెరిచిన చేతివైపే చూసిందని తరవాత ఎప్పుడో చెప్పింది.

ఆ తరవాతి రోజుల్లో అతను తల ఎత్తలేదు. ఎత్తాలనిపించలేదని కాదు. అనిపించినప్పుడల్లా ముఖాన్ని ఇంకాస్త గుడ్డకిచ్చాడు. అది ఓడిపోవడంలా లేదు. లోపల ఒక బలం మొదలైంది. ఉక్కును వంచే బలం కాదది. నదిలో వెల్లకిలా తేలేవాడికి నీళ్లిచ్చే బలం.

*

డాక్టర్ మాధురి దగ్గరికి వెళ్లేనాడు కల్పలత ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చింది. ఆటోలో తల్లి పక్కన, తండ్రి తలను తన ఒడిలో బోర్లా పెట్టుకొని కూర్చుంది. దారిలో గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరును తిట్టింది.

పరీక్షకు ముందే బ్రహ్మచారి చెప్పేశాడు. "డాక్టరమ్మా, నేను లేచిన. మొదట్ల మాటిమాటికి తల ఎత్తిన. ఒకనాడు సుత్తె సుత పట్టిన."

"బాపూ!" అంది కల్పలత.

డాక్టరు కుర్చీ ముందుకు లాక్కుంది. అతని గడ్డాన్ని పరికరం మీద ఆనించి, కంట్లోకి వెలుగు వేసింది. పైకి చూడమంది. కిందికి, పక్కకి. ఆమె ఊపిరి అతనికి వినిపిస్తోంది. మళ్లీ పైకి చూడమంది. అంతసేపు ఎందుకు చూస్తోంది? పాత గిరాకీ, ఆ భయం, వచ్చి తలుపు తట్టింది. అతని చేతులు ఒడిలో తెరిచే ఉన్నాయి. అలాగే ఉంచాడు.

"అతుక్కుందండి," అంది డాక్టర్ మాధురి. గొంతులో ఆమె దాచుకోలేకపోయిన సంతోషం. "ఎక్కడా ఊడలేదు. మీరు చేసినదానికి ఊడి ఉండాల్సింది. తిట్టాల్సిన తిట్లన్నీ తరవాత తిడతాను. పొర మాత్రం చక్కగా కూర్చుంది."

కల్పలత ముఖం చున్నీలో పెట్టుకొని ఏడ్చేసింది. దేవమ్మ కళ్లు మూసుకొని చేతులు జోడించింది.

"మంచిది," అన్నాడు బ్రహ్మచారి.

"అదేంటండి? చూపెప్పుడొస్తుందని అడగరా? మొదటిరోజు అదొక్కటే అడిగారుగా."

"అడిగితే జెర తొందరగొస్తదా?"

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "రాదండి. బుడగ తగ్గేకొద్దీ పైనుంచి కిందికి వస్తుంది. ఇక కూర్చోవచ్చు మీరు. కూర్చొని చూస్తూ ఉండండి."

అలాగే వచ్చింది. ఒక ఉదయం కుర్చీలో కూర్చొని ఉండగా కుడికంటి పైఅంచున ఒక గీత పడింది. గీత కింద బియ్యపునీళ్లు. గీత పైన గోడ! సున్నం పెచ్చులూడిన గోడ, దానిమీద బల్లి, బల్లితోక నీడ. అంత అందమైన పెచ్చుల్ని అతనెన్నడూ చూడలేదు. నీళ్లు రోజురోజుకూ కిందికి దిగాయి. క్యాలెండరు మేకు తేలింది. అమ్మవారి కిరీటం తేలింది. ఆ తరవాత నుదుటి కుంకుమ. కాస్త తల వంచో, మెడ తిప్పో ముందుగానే మిగతాది చూడాలన్న తహతహ లేదు అతనికి. వచ్చేది వస్తోంది. తనవైపే వస్తోంది.

ఒకనాడు చాయ్ తాగుతూ గోడవైపు చూసేసరికి నీటిమట్టం దిగిపోయి ఉంది. రెండు పెద్ద కళ్లు తిన్నగా అతన్నే చూస్తున్నాయి. చాయ్ కప్పు చేతిలో ఉండగానే అతను వాటినే చూస్తూ ఉండిపోయాడు. ఎప్పుడో మొదలైన చూపు అది. ఇప్పుడే అతనికి అందింది.

ఓంప్రకాశ్ ఆ సాయంత్రం వచ్చి, పనిబల్ల మీది వంకర రేకును పట్టుకొని చూశాడు. "వాహ్! అమ్మకు మెల్లకన్ను పెడ్తవా చారీ? ఒకటి స్టేషన్ దిక్కు, ఒకటి లాలాగూడ దిక్కు."

"అది అమ్మది గాదురా. నాదే. అప్పుడట్లనే చూసిన నేను."

"మరి మొక్కు?" అని ఓంప్రకాశ్ దేవమ్మను అడిగాడు.

"ఆమె కండ్లు ఆమెకున్నయి," అంది దేవమ్మ. "బోనం ఎన్కాల ఈయనే వస్తడు. అదే మొక్కు."

*

బోనాలనాడు రెజిమెంటల్ బజార్ పొద్దున్నే పసుపు పూసుకుంది. డప్పులు గల్లీల గోడలకు కొట్టుకొని రెట్టింపై వస్తున్నాయి. దేవమ్మ కొత్తకుండకు సున్నపు బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, పైన చిన్న మట్టిగురిగిలో దీపం వెలిగించింది. ఉతికి ఆరేసిన చుట్టకుదురు తీసి నెత్తిన పెట్టుకుంది.

"మొఖం పెట్టిన బట్ట గదమ్మా," అంది కల్పలత మెల్లగా. "వేరేది చుట్టియ్యనా?"

"దీనికి పని తెల్సు," అంది దేవమ్మ.

బ్రహ్మచారి రెండు చేతులతో బోనం ఎత్తి ఆమె తలమీద పెట్టాడు. అది కుదురుకునేదాకా పట్టుకొని, వదిలేశాడు. ఈ పని చేయడం అతనికిదే మొదలు. తరవాత ఖాళీ చేతులతో ఆమె వెనక నడిచాడు.

జనం. జనరల్ బజార్ మలుపు దగ్గర అడుగు వెయ్యడానికి చోటు లేదు. పోతరాజు కొరడా గాలిలో చెళ్లుమంది. ఎవరో తోశారు, ఎవరో అరిచారు. డప్పు దరువు పెరిగి, నేల అరికాళ్లకింద లేచి పడుతోంది. ఆ తాకిడికి ముందున్న బోనాలు ఊగాయి, రెండు మూడు చేతులు పైకి లేచి పట్టుకున్నాయి. దేవమ్మ చేతులు లేవలేదు. ఆమె మెడ నిశ్చలంగా ఉంది. మోసేదానికి తనను ఇచ్చేసుకున్న మెడ అది. బ్రహ్మచారికి ఆ మెడ తెలుసు. లోపలినుంచి తెలుసు.

అతను అన్నీ చూస్తున్నాడు. ఎగిరే పసుపులో ఒక్కొక్క రేణువూ విడివిడిగా ఎండను పట్టుకుంటోంది. వేపమండ చివర చిగురు ఎర్రగా ఉంది. చుట్టకుదురు పసుపుదారం ముడి దగ్గర రెండు పోగులు లేచి ఉన్నాయి. ఏడుపొచ్చింది. ఇప్పుడు ఏడవచ్చు. ఏడుస్తూనే నవ్వాడు. పక్కన ఓంప్రకాశ్ "ఏమైంది యార్?" అని చెవిలో అరిచాడు. డప్పుల్లో అది కూడా నవ్వులాగే వినిపించింది.

దేవమ్మ వెనక్కి తిరగలేదు. తిరగలేదు కాబట్టి గొంతెత్తి అడిగింది.

"ఓ కల్ప బాపూ! దీపం ఉన్నదా?"

గాలికి మంట ఒక్కసారి పక్కకు వాలి, మళ్లీ నిటారుగా లేచింది.

"ఉన్నది!" అని బ్రహ్మచారి డప్పుల మీదుగా అరిచాడు. "వత్తి పోగు సుత కనబడుతున్నది. నువ్వు నడువు!"